ద్రాక్ష కొమ్మతో దేశాలు దాటిన రైతు: ఆగోస్టన్ హరాస్తి జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సినవి



ఈ మధ్య అత్వెల్లిలో రైతులతో మాట్లాడుతుంటే ఒక యువ రైతు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. వాళ్ల తాత ద్రాక్ష పందిరి వేసినవాడు, నాన్న దాన్ని తీసేసి కూరగాయలకు మళ్లినవాడు. విదేశంలో ఉన్న బంధువు ఒకరు అక్కడి బయోడైనమిక్ ద్రాక్ష తోటల వీడియోలు పంపించి, నీకున్న రెండెకరాల్లో నువ్వూ వేయి, ఖర్చుకు నేను అప్పు సర్దుతాను అంటున్నాడట. వెయ్యమంటారా, వద్దంటారా అని అడిగాడు.

ఔను, కాదు అని ఒక్క మాటలో చెప్పే ప్రశ్న కాదు ఇది. అందుకే అతనికి ఒక మనిషి కథ చెప్పాను. ద్రాక్ష పండించే ఇంట్లో పుట్టి, పరాయి దేశం వెళ్లి, అక్కడ నాలుగు చోట్ల తోట వేసి, చివరికి దేశమంతా చెప్పుకునే తోట నిలబెట్టి, అదే తోట నుంచి చేతులు ఊపుకుంటూ బయటికి రావాల్సి వచ్చిన మనిషి. పేరు ఆగోస్టన్ హరాస్తి. చనిపోయి నూట యాభై ఏళ్లు దాటింది. ఆయన గెలుపులోనూ, ఓటమిలోనూ మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ముందు కథ చదవండి. మన పొలానికి పనికొచ్చే సలహాలు చివర్లో వరుసగా ఇచ్చాను.

ద్రాక్ష ఇంట్లో పుట్టిన బిడ్డ

హరాస్తి 1812 ఆగస్టు 30న హంగరీ దేశంలోని పెస్ట్ నగరంలో పుట్టాడు. ఇప్పటి బుడాపెస్ట్‌లో అది సగభాగం. వాళ్లది కొద్దిపాటి భూములున్న పాత కులీన కుటుంబం. దక్షిణాన డాన్యూబ్ నది దగ్గర వాళ్ల భూముల్లో ద్రాక్ష పండేది, వైన్ తయారయ్యేది. మన ఊళ్లో పిల్లలు నారు పీకటం, నాటు వేయటం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నట్లు, ఆ పిల్లవాడు కొమ్మ కత్తిరింపు, గెల కోత, రసం పులియబెట్టటం చూస్తూ పెరిగాడు.

1833లో ఎలియొనోరాతో పెళ్లయింది. పిల్లలు పుట్టారు. కానీ ఉన్నచోట ఉండే మనిషి కాదు. 1840లో ఒక బంధువును తోడు తీసుకుని అమెరికాకు బయలుదేరాడు.

ఇంటి విద్య అక్కరకు వస్తుంది, నిజమే. కానీ అది నేర్పిన నేల వేరు, వెళ్లిన నేల వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి ఆయనకు పదిహేనేళ్లకు పైగా పట్టింది.

మొదటి తోట: చలికి పోయింది

అమెరికా ఉత్తర భాగంలో విస్కాన్సిన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ నది ఒడ్డున స్థలం కొని ఒక ఊరే కట్టాడు. ఇప్పుడు దాని పేరు సాక్ సిటీ. 1842లో స్వదేశం వెళ్లి తల్లిదండ్రులను, భార్యాపిల్లలను కూడా తీసుకొచ్చాడు. తన ప్రయాణం గురించి హంగరీ భాషలో రాసిన పుస్తకం 1844లో అచ్చయింది.

అక్కడ ఆయన చేయని పని లేదు. ధాన్యం పండించాడు, గొర్రెలు మేపాడు, నది దాటించే పడవ నడిపాడు, ఇళ్లు కట్టించాడు. వీటన్నిటి మధ్యా మనసు మాత్రం ద్రాక్ష మీదే. నదికి అవతలి ఒడ్డున వాలు భూమిలో ద్రాక్ష నాటాడు. యూరప్‌లో వాలు భూమి ద్రాక్షకు మంచిదని చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియనిది విస్కాన్సిన్ చలి. అక్కడ శీతాకాలంలో నెలల తరబడి నేల గడ్డ కడుతుంది. తీగలు నిలవలేదు.

వాలు సరిగ్గానే ఎంచుకున్నాడు, మట్టీ బాగుంది. వాతావరణం ఒక్కటే కుదరలేదు. ఆ ఒక్కటీ చాలు తోట పోవడానికి.

మూడు మజిలీలు, మంచు పొగ

1849లో కుటుంబంతో సహా బండ్లు కట్టుకుని పడమటి తీరానికి బయలుదేరాడు. కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని జనం పరుగులు పెడుతున్న కాలం. ఈ కుటుంబం మాత్రం బంగారు గనుల వైపు పోకుండా, నెలల తరబడి నడిచి డిసెంబరులో శాన్ డియేగో చేరింది. మరుసటి ఏడాదే ఆయన ఆ జిల్లాకు మొదటి షెరీఫ్‌గా, అంటే పోలీసు అధికారిగా ఎన్నికయ్యాడు. తర్వాత రాష్ట్ర శాసనసభకూ వెళ్లాడు. అక్కడా పండ్ల మొక్కలు, ద్రాక్ష నాటటం మానలేదు.

1852లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర భూమి కొన్నాడు. సముద్రం మీద నుంచి వచ్చే మంచు పొగ తోటను కమ్మేసేది. ఎండ చాలక కాయ పక్వానికి రాలేదు. కొంచెం దక్షిణానికి జరిగి క్రిస్టల్ స్ప్రింగ్స్ అనే చోట మళ్లీ నాటాడు. అక్కడా అదే పొగ. రెండుసార్లు ఒకే కారణంతో దెబ్బ తిన్నాడు.

ఈ రోజుల్లోనే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆయనకు లోహాలను పరీక్షించే పని కూడా తెలుసు. ప్రభుత్వ టంకశాలలో బంగారం పరీక్షించే ఉద్యోగంలో చేరాడు. అక్కడ లక్షా యాభై వేల డాలర్లకు పైగా విలువైన బంగారం లెక్క తగ్గింది. 1857లో నేరం ఆయన మీద మోపారు. శక్తికి మించి నడిపిన కొలిముల్లో బంగారం పొగతో పాటు చిమ్నీలోంచి పోయిందని చివరికి తేలింది. 1861లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. కానీ అప్పటిదాకా నాలుగేళ్లు ఆ నింద మోస్తూనే తోట పని చేయాల్సి వచ్చింది.

సోనోమా: సరైన నేల దొరికింది

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సోనోమా అనే లోయ ఉంది. పగలు ఎండ, రాత్రి చల్లదనం, సముద్రపు పొగ లోపలికి అంతగా రాకుండా అడ్డుగా కొండలు. అక్కడ ఒక పాత చిన్న తోటలో కాసిన పండు రుచి చూశాకే ఆయనకు నమ్మకం కుదిరింది. ఈసారి ముందు పండు చూసి, తర్వాత భూమి కొన్నాడు. ఆ తోటకు బ్యూనా విస్టా అని పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో చక్కని దృశ్యం అని అర్థం. 1857లో అక్కడ పని మొదలైంది.

అప్పట్లో కాలిఫోర్నియాలో చాలామంది పల్లపు భూముల్లో, కాలువ నీళ్లు పెట్టి ద్రాక్ష పండించేవాళ్లు. మిషన్ అనే ఒకే పాత రకం ఎక్కువగా ఉండేది. హరాస్తి పద్ధతి మార్చాడు. కొండ వాలుల్లో, పైన నీళ్లు పెట్టకుండా, లోతుగా దున్నిన నేలలో నాటాడు. వేరు నీటి కోసం లోపలికి దిగుతుంది, కాయ చిన్నదైనా చిక్కగా ఉంటుంది అన్నది ఆయన అనుభవం. దీన్ని మనం ఇక్కడ ఉన్నదున్నట్టు అనుసరించలేం. అక్కడ శీతాకాలమంతా వాన పడి నేల తడి పట్టుకుంటుంది, వేసవి పొడిగా ఉంటుంది. మన దగ్గర వానకాలం, ఎండకాలం లెక్క వేరు.

కొండను తొలిచి సొరంగాల్లాంటి నిల్వ గదులు కట్టించాడు. ఆ కష్టమంతా చైనా నుంచి వచ్చిన కూలీలది. రాయిని చేతి పనిముట్లతో తొలిచి, ఏడాది పొడవునా చల్లగా ఉండే గదులు చేశారు వాళ్లు. ఆ రాతి కట్టడాలు నేటికీ ఉన్నాయి. పెద్ద పేరు వెనక పేర్లు తెలియని చేతులు ఎన్నో ఉంటాయి.

ఆయన చేసిన ఇంకో మంచి పని, తెలిసింది దాచుకోకపోవడం. 1858లో ద్రాక్ష సాగు గురించి ఒక నివేదిక రాసిచ్చాడు. నేల తయారీ నుంచి నిల్వ దాకా రైతుకు అర్థమయ్యేటట్లు అందులో ఉంది. రాష్ట్ర వ్యవసాయ సంఘం దాన్ని అచ్చు వేసి విస్తృతంగా పంచింది. కొత్తగా వచ్చిన రైతులు ఎందరో దాన్ని చూసి తోటలు వేశారు. ఒక రకంగా మన విస్తరణ అధికారులు చేసే పనే ఇది. అందుకే నాకు ఆయన మీద కాస్త అభిమానం ఎక్కువ.

లక్ష కొమ్మల ప్రయాణం

1861లో కాలిఫోర్నియా గవర్నర్ ఆయనను ద్రాక్ష సాగు అధ్యయనానికి ప్రతినిధిగా నియమించాడు. జీతం లేని పని. సొంత ఖర్చుతో యూరప్ వెళ్లాడు. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ, స్పెయిన్ తిరిగాడు. ప్రతిచోటా తోటలు చూశాడు, మట్టి చూశాడు, కొమ్మలు కొన్నాడు. ఆ ఏడాది చివరికి తిరిగి వచ్చాడు. వెనకే ఓడలో లక్షకు పైగా కొమ్మలు వచ్చాయి. 300కు పైగా రకాలు.

తాను చూసిందంతా పుస్తకంగా రాస్తే 1862లో న్యూయార్క్‌లో అచ్చయింది. ఆ ఏడాది రాష్ట్ర వ్యవసాయ సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. కానీ కొమ్మల ఖర్చు ఇవ్వమని అడిగితే శాసనసభ ఇవ్వనన్నది. నియామకమే జీతభత్యాలు లేనిదని గుర్తు చేసింది. ప్రభుత్వం ఆ మొక్కలు తీసుకుని, పద్ధతి ప్రకారం వేర్వేరు ప్రాంతాల్లో నాటించి చూసి ఉంటే, ఏ రకం ఏ నేలకు నప్పుతుందో కొన్నేళ్లలో తేలేది. అది జరగలేదు. ఆయన సొంతంగా అమ్ముకోవాల్సి వచ్చింది. అప్పు మీద అప్పు పడింది.

ఇక్కడ ఒక మాట. జిన్‌ఫాండెల్ అనే ప్రసిద్ధ రకాన్ని కాలిఫోర్నియాకు తెచ్చింది ఈయనే అని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఆయన రాకముందే ఆ రకం అమెరికా తూర్పు తీరం నర్సరీల్లో ఉంది. అది క్రొయేషియా దేశపు పాత రకమేనని తర్వాత డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. పేరున్నవాడి ఖాతాలో అన్నీ వేయటం లోకరీతి. నర్సరీవాళ్లు రకం గురించి కథ చెప్పినప్పుడు కథను పక్కన పెట్టి, మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి.

అప్పు, వాటాదారులు, తొందర

1863లో బ్యూనా విస్టా ఒక కంపెనీ అయింది. శాన్ ఫ్రాన్సిస్కో ధనవంతులు, బ్యాంకర్లు వాటాలు కొన్నారు. హరాస్తి తన భూమిని కంపెనీకి రాసిచ్చి వాటాలు తీసుకున్నాడు, నిర్వాహకుడిగా ఉన్నాడు. గమనించండి, ఆ రోజు నుంచి భూమి ఆయనది కాదు.

డబ్బు పెట్టినవాళ్లు లాభం త్వరగా కావాలంటారు. ద్రాక్ష మాత్రం తన లెక్కలో తాను కాస్తుంది. మధ్యలో నలిగింది నిర్వాహకుడు. మొక్కల సంఖ్య త్వరగా పెంచటానికి ఆయన నేల అంటు పద్ధతి పట్టుకున్నాడు. అంటే ఉన్న తీగ కొమ్మనే వంచి పక్కన మట్టిలో పూడ్చి, వేరు వచ్చాక దాన్ని మరో మొక్కగా పెంచటం. వరుసల మధ్య ఖాళీలన్నీ నిండిపోయాయి. ఖర్చు తక్కువ, చూడటానికి తోట పచ్చగా, నిండుగా ఉంటుంది. కొత్త భూముల్లో కూడా నాట్లు పడ్డాయి. కొడుకుల్లో అర్పాద్ ఫ్రాన్స్ వెళ్లి మెరిసే వైన్ తయారీ నేర్చుకుని వచ్చాడు. ఆ ప్రయోగాలకూ ఖర్చయింది.

1863లోనే ఇద్దరు కొడుకులకు పొరుగున ఉన్న పేరున్న వలేహో కుటుంబంలోని ఇద్దరు అక్కచెల్లెళ్లతో ఒకేరోజు పెళ్లి జరిగింది. బయటికి అంతా కళకళలాడుతున్నట్టే ఉంది.

ఆకు రంగు మారింది

1860ల మధ్యలో తోటలో కొన్ని తీగలు నీరసించాయి. ఆకు రంగు మారింది, చిగురు కురచబడింది, కాపు తగ్గింది. ఒకచోట మొదలై చుట్టూ వ్యాపించింది. వాటాదారులు తప్పు వెతికారు. దగ్గర దగ్గరగా నాటటం వల్ల, నేల అంట్ల వల్ల మొక్క బలహీనపడిందని తేల్చారు. వినటానికి సబబుగానే ఉంది. చిక్కగా నాటితే నీరు, పోషకాలు చాలవు కదా. ఖర్చులు పెరిగాయి, రాబడి లేదు. 1866లో ఆయన పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆస్తి కూడా పోయింది.

అసలు కారణం ఇంకొకటి. వేరు మీద బతికే ఒక చిన్న పేను లాంటి పురుగు. పేరు ఫిలోక్సెరా. అమెరికా తూర్పు భాగం దాని పుట్టిల్లు. అక్కడి అడవి ద్రాక్షకు దానితో కలిసి బతకడం అలవాటు. యూరప్ ద్రాక్షకు మాత్రం తట్టుకునే శక్తి లేదు. పురుగు వేరును పీల్చితే గాయాలై వేరు కుళ్లిపోతుంది. ఫ్రాన్స్‌లోనూ 1860ల్లోనే తోటలు ఎండటం మొదలైంది. వేళ్ల మీద పురుగును 1868లో అక్కడి శాస్త్రవేత్తలు గుర్తించారు. సోనోమాలో అదే పురుగు ఉందని 1873లో ఖాయమైంది. అప్పటికి హరాస్తి చనిపోయి నాలుగేళ్లు.

ఇది ఎందుకు ఎవరికీ కనిపించలేదంటే, చచ్చిన మొక్కను పీకి చూస్తే పురుగు ఉండదు. వేరు కుళ్లగానే అది పక్క మొక్క బతికున్న వేరుకు వెళ్లిపోతుంది. చూడాల్సింది చచ్చిన మొక్కను కాదు, దాని పక్కన ఇప్పుడిప్పుడే నీరసిస్తున్న మొక్కను. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నో వేల ఎకరాలు పోయాయి. చేయని తప్పుకు మాట పడ్డది హరాస్తి. చిక్కగా నాటటం మంచిది కాదు, నిజమే. కానీ తోట చావుకు కారణం అది కాదు.

చివరి రోజులు

1868లో ఆయన మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశం వెళ్లాడు. ఈసారి చెరకు, సారాయి. యాభై ఆరేళ్ల వయసులో మళ్లీ కొత్త పంట, కొత్త దేశం. ఆ ఏడాదే భార్య ఎలియొనోరా అక్కడ పచ్చజ్వరంతో చనిపోయింది. 1869 జులై 6న ఆయన తన తోటలో నది వైపు వెళ్లి తిరిగి రాలేదు. నదిపైకి వంగిన చెట్టు కొమ్మ మీదుగా దాటబోయి పడిపోయాడని, మొసళ్ల బారిన పడి ఉంటాడని అనుకున్నారు. శరీరం దొరకలేదు.

బ్యూనా విస్టా తోట పురుగు దెబ్బకు కుదేలై, చాలాకాలం మూతపడి, 1940ల్లో మళ్లీ మొదలైంది. కొడుకు అర్పాద్ శాన్ ఫ్రాన్సిస్కోలో మెరిసే వైన్‌కు పేరు తెచ్చుకున్నాడు. విస్కాన్సిన్‌లో ఆయన మొదట ఓడిపోయిన ఆ వాలు మీద కూడా ఇప్పుడు చలికి తట్టుకునే రకాలతో ద్రాక్ష తోట ఉంది. వాతావరణానికి తగిన రకం దొరికాక అదే నేల పంట ఇచ్చింది.

అంటు వేరు వచ్చింది

ఫిలోక్సెరాకు మందు వెతికి వెతికి అలిసిపోయాక ప్రపంచం కనుక్కున్న దారి అంటు కట్టడం. కింద అమెరికా అడవి ద్రాక్ష వేరు, పైన యూరప్ రకం కొమ్మ. పురుగు వచ్చిన దేశం నుంచే దానికి విరుగుడూ వచ్చింది. మన దేశంలో ఫిలోక్సెరా పెద్ద సమస్య కాలేదు. అయినా మనం డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కడుతున్నాం. నీటి ఎద్దడిని, ఉప్పు నీటిని తట్టుకుంటుందని. ఆ డాగ్‌రిడ్జ్ పుట్టింది అమెరికాలోని టెక్సాస్‌లో. మీ పందిరి కింద వేరు కూడా ఖండాలు దాటి వచ్చిందే.

బయోడైనమిక్ అంటే ఏమిటి?

హరాస్తి కాలానికి ఈ మాట లేదు. ఆయన పోయిన 55 ఏళ్లకు, 1924లో, రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన ఇప్పటి పోలండ్‌లో ఉన్న ఒక ఊళ్లో రైతులకు ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. బయోడైనమిక్ పద్ధతికి మొదలు అదే. సారాంశం ఇది: పొలాన్ని ఒక శరీరంలా చూడాలి. పశువులు, మేత, ఎరువు, పంట అన్నీ ఆ పొలంలోనే ఒకదానికొకటి ఆసరాగా ఉండాలి. బయటి నుంచి కొనేది ఎంత తగ్గితే అంత మంచిది.

దీనితో పాటు ప్రత్యేక తయారీలు ఉన్నాయి. ఆవు కొమ్ములో పాలిచ్చే ఆవు పేడ నింపి, చలికాలమంతా భూమిలో పూడ్చి, ఫిబ్రవరి, మార్చిలో తీస్తారు. ఎకరానికి సుమారు 25 గ్రాములు 13 నుంచి 15 లీటర్ల నీటిలో గంటసేపు ఇటూ అటూ తిప్పి, సాయంత్రం తడి నేల మీద చల్లుతారు. నక్షత్ర, చంద్ర గమనాలను బట్టి పనులు చేసే పంచాంగమూ ఉంది.

నిజం చెప్పాలంటే, కొమ్ము ఎరువుకూ పంచాంగానికీ ప్రత్యేక ప్రభావం ఉందని గట్టి శాస్త్రీయ రుజువు లేదు. కానీ కంపోస్టు, పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పంటల వైవిధ్యం వల్ల నేల బాగుపడుతుందనడానికి రుజువు బోలెడుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. ఫిలోక్సెరా ఉన్న దేశాల్లో బయోడైనమిక్ తోటల్లో కూడా అంటు మొక్కలే నాటుతారు. పద్ధతి ఏదైనా, వేరు సంగతి వేరుకు చూసుకోవాల్సిందే.

మన మేడ్చల్, శామీర్‌పేట నేలకు సలహాలు

హైదరాబాద్ చుట్టూ ద్రాక్షకు పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దం చివర్లో నగరంలో అబ్దుల్ బాకర్ ఖాన్ పెంచిన అనాబ్-ఎ-షాహీ తర్వాత మన పందిళ్లకు పేరు తెచ్చింది. గింజలేని థాంప్సన్ వచ్చింది. తర్వాత బోర్లు ఎండటం, కూలీ ఖర్చు, ప్లాట్ల ధరలు కలిసి చాలా పందిళ్లు దిగాయి. మళ్లీ వేయాలనుకునేవారు ఈ విషయాలు చూసుకోండి.

1. ముందు పండు, తర్వాత పందిరి. హరాస్తి ఐదోసారి చేసిన పని మీరు మొదటిసారే చేయండి. చుట్టుపక్కల ఇంకా కాస్తున్న తోట ఏదైనా ఉంటే కనీసం ఒక పంటకాలం వెళ్లి చూడండి. ఏ నెలలో ఏ తెగులు వచ్చింది, ఎన్ని నీళ్లు పెట్టారు, ఎక్కడ అమ్మారు అని రాసుకోండి.

2. నేల, నీరు పరీక్ష. పండ్ల తోటకు పైమట్టి ఒక్కటే చాలదు. మూడు అడుగుల గుంత తీసి, అడుగు అడుగుకూ వేరువేరుగా మట్టి పంపండి. బోరు నీటిలో ఉప్పు ఎంతో చూపించండి. బోరు నీరు మే నెలలో ఎంత పోస్తుందో అదే మీ అసలు నీరు. అక్టోబరు నీటిని చూసి ఎకరాలు లెక్కవేయకండి.

3. చిన్నగా మొదలుపెట్టండి. రెండెకరాలు ఒకేసారి వద్దు. 10 గుంటల్లో పందిరి వేసి రెండు పంటలు తీయండి. మిగతా భూమిలో కూరగాయలు, మేత ఉండనివ్వండి. పశువులు లేకుండా బయోడైనమిక్ మాట ఎత్తటంలో అర్థం లేదు.

4. వేరు చూసి మొక్క కొనండి. డాగ్‌రిడ్జ్ వేరు మొక్కలు నాటి, అవి బలపడ్డాక నమ్మకమైన తోట నుంచి తెచ్చిన కొమ్మతో అంటు కట్టించండి. కొమ్మ తెచ్చిన తల్లి తోటలో తెగులు, నులిపురుగులు లేవని చూసుకోండి.

5. ఎడం తగ్గించకండి. అనాబ్-ఎ-షాహీ బలంగా పాకుతుంది, దానికి ఎడం ఎక్కువ కావాలి. థాంప్సన్‌కు అంత అక్కర్లేదు. ఖాళీ కనబడుతోందని మధ్యలో మొక్కలు ఇరికిస్తే గాలి ఆడదు. గాలి ఆడని పందిట్లో బూజు తెగులు ముందు వస్తుంది.

6. కత్తిరింపు రెండుసార్లు. మన దగ్గర ద్రాక్షకు శీతాకాలపు నిద్ర లేదు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో ఒకసారి కాయ కోసం కత్తిరించాలి. విదేశీ వీడియోల్లో ఒక్కసారే కత్తిరిస్తారు. అది చూసి చేస్తే కాపు దెబ్బతింటుంది.

7. సేంద్రియంగా అంటే మందు లేకుండా వదిలేయటం కాదు. అక్టోబరు కత్తిరింపు తర్వాత వాన పడితే బూజు తెగులు రెండు మూడు రోజుల్లో ముంచేస్తుంది. 1 శాతం బోర్డో మిశ్రమం, అంటే 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, ముందు జాగ్రత్తగా వాడుకోవచ్చు. సేంద్రియ ధ్రువీకరణలో రాగి వాడకానికి పరిమితి ఉంటుంది. ముందే అడిగి తెలుసుకోండి. బహువార్షిక పంటకు ధ్రువీకరణ రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లు మామూలు ధరకే అమ్ముకోవాల్సి రావచ్చు.

8. మొక్క నీరసిస్తే వేరు చూడండి. పచ్చబడింది అనగానే యూరియా, జింకు వేయకండి. ఎండిన మొక్కను వదిలి, పక్కన నీరసిస్తున్న మొక్క వేళ్లూ, ఆరోగ్యంగా ఉన్న మొక్క వేళ్లూ కాస్త మట్టితో సహా విడివిడి సంచుల్లో తీసుకెళ్లి చూపించండి. బుడిపెలు కనిపిస్తే నులిపురుగులని అనుమానించాలి. కారణం తెలియక చేసిన వైద్యం రెండింతల ఖర్చు.

9. అప్పు ఎవరిది, గడువు ఎంత? ద్రాక్ష పందిరి ఖర్చు మొదటి ఏడాదే పడుతుంది, చెప్పుకోదగ్గ రాబడి రెండేళ్ల తర్వాతే. తిరిగి చెల్లించే గడువు పంట కంటే ముందు ఉంటే ఆ అప్పు తీసుకోకండి. బంధువు డబ్బు అయినా కాగితం రాసుకోండి. ఏ ఒప్పందంలోనైనా భూమి పట్టా మాత్రం మీ పేరు మీదే ఉండాలి.

10. వైన్ ఆలోచన ఉంటే. ఇంట్లో చేసి అమ్మటం కుదరదు. ఎక్సైజ్ శాఖ అనుమతి తప్పనిసరి. చిన్న రైతుకు తినే పండు, ఎండు ద్రాక్ష దారే నయం.

ముగింపు

ఇంతా చెప్పాక అత్వెల్లి యువ రైతుకు నేను ఇచ్చిన జవాబు ఇది. తాతకు వచ్చిన విద్య నీకూ అబ్బుతుంది, భయపడకు. కానీ తాత నాటి బోరు ఇప్పుడు లేదు, నాటి కూలీ లేడు, నాటి వాన లేదు. ముందు మే నెలలో నీ బోరు కొలిచిరా. తర్వాత 10 గుంటల సంగతి మాట్లాడుకుందాం. బంధువు డబ్బు అప్పటిదాకా ఆయన దగ్గరే ఉండనీ.

హరాస్తికి తెలివి తక్కువ కాదు, కష్టానికి వెనకాడిన మనిషి కాదు. తనకు తెలిసింది పదిమందికి పంచాడు. దెబ్బ తిన్నది రెండుచోట్ల. భూమిని ఇతరుల చేతిలో పెట్టాడు, తోట జబ్బు కారణం తేలకముందే తీర్పుకు గురయ్యాడు. మొదటిది మన చేతిలో ఉంది. రెండోదానికి నేడు మనకు పరీక్షశాలలు ఉన్నాయి, వాడుకుందాం.

మీ తోటలో మొక్క నీరసించినా, కొత్తగా పందిరి వేయాలనుకున్నా మీ మండల ఉద్యాన అధికారిని గానీ, మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ కలవండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. ఫోన్ చేసే ముందు మొక్క వయసు, రకం, వేరు మూలం, చివరిసారి వేసిన ఎరువు, చివరి కత్తిరింపు తేదీ కాగితం మీద రాసి పెట్టుకోండి. సగం జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.